మండే పొయ్యి ఉన్న ఇల్లు

కరీంనగర్‌లో మా సైకిళ్ల దుకాణం కాస్త నిలదొక్కుకున్నాక, డెబ్బైల మొదట్లో, నాకొక పిచ్చి పట్టింది. ఎక్కడైనా చవగ్గా ఒక ఇల్లు కొని కిరాయికివ్వాలని. అప్పటికి గోదావరికి ఇవతల గోదావరిఖనిలోనూ, అవతల మంచిర్యాలలోనూ ఇళ్ల ధరలు పడిపోయాయని అందరూ చెప్పుకుంటున్నారు. కొత్త గనులు పడ్డప్పుడు ఎక్కడెక్కడి జనమో వచ్చారు. వాళ్లకు అద్దెకిద్దామని ఉన్నవాడూ లేనివాడూ ఇల్లు తాకట్టు పెట్టి వరసగా గదులు కట్టాడు. తర్వాత కంపెనీ క్వార్టర్లు కట్టింది. కిరాయివాళ్లు అటు వెళ్లిపోయారు, గదులు ఖాళీ పడ్డాయి. రెండు ఊళ్లలోనూ జప్తు డప్పులు మోగాయి. కానీ మంచిర్యాలలో డప్పు మోగిన ఇల్లల్లా చేతులు మారుతోందని, ఖనిలో ఒక్కటీ మారడం లేదని విన్నాను. బొగ్గు అదే, నది అదే, అప్పూ అలాంటిదే. ఎందుకో చూద్దామని, కుదిరితే ఒకటి కొందామని ఒక రోజు బయలుదేరాను. పొద్దున ఖనిలో ఒక హర్రాజు పాట, మధ్యాహ్నం మంచిర్యాలలో మరొకటి ఉన్నాయి.

తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుంటే పెద్దపల్లి మీదుగా ఎండ ముదరకముందే రామగుండం చేరొచ్చు. టికెట్టు రెండు రూపాయల లోపే. స్టేషన్ దగ్గర దిగి యూసుఫ్ భాయ్ అనే ఆయన టాంగా మాట్లాడుకున్నాను. మనిషి మాటకారి, గుర్రం మాత్రం బద్ధకిష్టి. ఎక్కడికని అడిగితే హర్రాజుకని చెప్పాను.

"ఎందుకు సాబ్, పైసలు ఎక్కువైనయా?" అని నవ్వాడు. "ఈడ మీకు ఇల్లు దొరకదు. పోయి చూడుండ్రి, మీకే ఎరుకైతది."

ఇల్లు బాగానే ఉంది. పెంకుటిల్లు, పక్కన వరసగా ఖాళీ గదులు. కోర్టు అమీను కాగితం చదివాడు. పాడడానికి వచ్చినవాళ్లు ఐదారుగురు గుమ్మంలోంచి లోపలికి తొంగి చూశారు. వసారాలో ఇనప పొయ్యి మీద బొగ్గు ఎర్రగా మండుతోంది, దాని మీద నీళ్లు మరుగుతున్నాయి. అంతే. ఒకరి మొహం ఒకరు చూసుకుని బీడీలు వెలిగించుకుంటూ వెళ్లిపోయారు. అమీను కూడా కాగితం మడిచి, వాయిదా అని చెప్పి, ఆ ఇంటివాళ్లు ఇచ్చిన చాయే తాగాడు. నాకేమీ అర్థం కాలేదు.

"మండే పొయ్యున్న ఇంటిని ఈడ ఎవ్వరు పాడరు సాబ్," అన్నాడు యూసుఫ్ భాయ్. "పాడినోని ఇంట్ల పొయ్యి ఆరిపోతదంటరు."

"ఆరేదాకా ఆగి పాడొచ్చుగా?"

"ఖనిల పొయ్యి ఎప్పుడు ఆరుతది? బొగ్గు కంపెనీ ఇస్తది. తండ్రి డ్యూటీ నుంచి వస్తడు, కొడుకు షిఫ్టుకు పోతడు. నీళ్లు కాగుతనే ఉండాలె."

మంచిర్యాలలో కట్టెల పొయ్యిలని, కట్టె కొనాలి కాబట్టి వంట కాగానే నీళ్లు చల్లి ఆర్పేస్తారని కూడా ఆయనే చెప్పాడు. నా సందేహం అక్కడికి తీరిపోయింది. స్టేషన్ ఎదురుగా హోటల్లో రూపాయికి కడుపునిండా అన్నం, పప్పు తిని ప్యాసింజర్ ఎక్కాను.

పెట్టెలో నా ఎదుట ఒకామె కూర్చుంది. కాళ్ల మధ్య పాత ఇనప బకెట్టు, పైన రేకు మూత. సన్నగా పొగ వస్తోంది.

"ఏందవ్వా గది?" అన్నాడు పక్కనున్న ముసలాయన.

"నిప్పు."

"రైల్లనా! నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది. మమ్ముల గిట్ల కాలబెడుతవా ఏంది?"

"బూడిద కప్పిన తియ్, ఫికర్ జెయ్యకు."

ఆమె పేరు రాజవ్వ, పెనిమిటి ఖనిలో గని కార్మికుడు. అడగకుండానే నాకు మొత్తం చెప్పింది. "మంచిర్యాలల మా చెల్లె లచ్చవ్వ ఇల్లు ఇయ్యాల హర్రాజు సారూ. పెనిమిటి పోయి ఏడాది కూడ కాలే. పొయ్యి ఆర్పుకొని కూసోని ఏడుస్తాందట. ఖని బొగ్గు ఏస్తె రేపటి దాక ఆరది. ఎవడు పాడుతడో చూస్త!"

నేను పాడదామని వెళ్తున్న ఇల్లు అదే. ఆ మాట చెప్పకుండా కిటికీలోంచి గోదావరి చూస్తూ కూర్చున్నాను. ఎండాకాలం కావడంతో నీళ్లు తక్కువ, ఇసుక ఎక్కువ. వంతెన దాటితే జిల్లా మారుతుంది.

లచ్చవ్వ ఇల్లు స్టేషన్‌కు నడిచిపోయేంత దూరం. రాజవ్వ వెనకే నేనూ వెళ్లేసరికి అమీను వచ్చే ఉన్నాడు. పాట మొదలయ్యే ధర చెప్పి, అప్పు, ఖర్చులు పోగా పైన వచ్చింది ఇంటామెకే చెందుతుందని చదివాడు. రాజవ్వ గబగబా లోపలికెళ్లి పొయ్యిలో నిప్పు గుమ్మరించి, కొంగులో తెచ్చిన బొగ్గు పేర్చి, గొట్టంతో ఊది మంట లేపింది. పాడడానికి వచ్చిన మాకు చాయ్ కూడా పెట్టింది. ఖని నుంచి వచ్చిన కిరాణా కొట్టు అన్నదమ్ములిద్దరు ఆ మంట చూసి వెనక్కి తగ్గారు. నేనూ పాడలేదు. ఆ ఊరి కట్టెల అడితి సేటు మాత్రం గ్లాసు ఖాళీ చేసి మీసం తుడుచుకుని, మొదలు ధర పాడాడు. అమీను ముమ్మారు అరిచాడు. ఇంకెవరూ పాడలేదు. ఇల్లు సేటుదైంది. వచ్చింది అప్పుకూ ఖర్చులకూ సరిపోయింది.

లచ్చవ్వ అప్పటిదాకా గోడకానుకుని నిలబడి ఉంది. నేరుగా పాడకుండా ఆగిన మా ముగ్గురి దగ్గరికి వచ్చింది.

"మీరు పాడొచ్చినోళ్లే గదా? ఏమాయె, నోర్లు పడిపోయినయా?"

"పొయ్యి మండుతాంది గదా అక్కా..." అని నసిగాడు అన్నదమ్ముల్లో పెద్దవాడు.

"పొయ్యా! నా ఇల్లు ఎట్లయినా పోయేదే. మీరు పోటీ వడితె ధర పెరుగుతుండె. పైన ఇంత మిగిలితె ఓ అర్ర కిరాయికి తీసుకొని బతుకుదును గద! మిమ్ముల పొయ్యి సూడుమని ఎవరన్నరు?"

రాజవ్వ చేతిలో ఊదే గొట్టం అలాగే ఉంది. చెల్లెలి మొహం చూడలేక కింద కూర్చుని, మండుతున్న బొగ్గుల్ని ఒక్కొక్కటే పటకారతో మళ్లీ బకెట్లోకి ఏరడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకుంటూ, "పొగ," అంది. కాసేపటికి లచ్చవ్వ కూడా వెళ్లి పక్కన కూర్చుని బూడిద ఎత్తిచ్చింది. సాయంత్రం బండిలో ఇద్దరూ ఆ బకెట్టు మధ్యలో పెట్టుకుని ఖనికి వెళ్లారు. అదే పెట్టెలో ఎక్కడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇల్లు కొనే పిచ్చి ఆ రోజుతో వదిలింది. ఖనిలో మనుషులు మంచివాళ్లనీ, మంచిర్యాలలో కారనీ నేననను. ఖనిలో అందరూ ఆగుతారు కాబట్టి ఆగడం పనికొచ్చింది. నది దాటాక ఒక్కడు ఆగకపోయినా, ఆగినవాళ్ల మర్యాదంతా వాడి లాభమే. ఇప్పుడు రోడ్డు వంతెన ఉంది, రైలు కోసం చూడక్కర్లేదు, ఖని నుంచి బస్సులో నది దాటొచ్చు. హర్రాజులకు వెళ్లేవాళ్లకు మాత్రం ఒక్క మాట. నదికి ఇవతల పొయ్యి మండుతుంటే నోరు మూసుకుని వచ్చేయండి. అవతల మండుతుంటే, ఆ ఇంటామె మీద జాలి ఉంటే, గట్టిగా పాడండి.