రాగి బాంబుల విమానం

నిన్న సాయంత్రం రియాద్‌లో మా అమ్మాయి కొత్త మెట్రో ఎక్కించి ఏదో మాల్‌కు తీసుకెళితే, బొమ్మల దుకాణం అద్దంలో పొడుగు రెక్కల విమానం ఒకటి కనబడి నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య, చాలా దూరం ఎగరాలని సోవియట్ వాళ్లు ప్రయోగంగా కట్టి చూసిన బాంబరు అది. అమ్మాయికి తెలియదు గానీ, రష్యా బొమ్మల పుస్తకాలు తెలుగులో చవగ్గా కొని చదువుకున్న మన కాలం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

నేను సౌదీలో పనిచేసే రోజుల్లో, అలాంటి పుస్తకమొకటి కడప నుంచి పెట్టెలో పెట్టుకుని మరీ దమ్మామ్ వచ్చాడు మా మేనమామ కొడుకు, నాకు బావ. ఇద్దరం ఒకే కంపెనీలో ఏసీ గాలి పోయే రేకు డక్టుల పని, పనివాళ్ల క్యాంపులో ఒకే గది. ఆ విమానాన్ని మొదట రికార్డు కోసం కట్టారనీ, రేకు వంగకుండా ముడతలు పెట్టారనీ, ముడతలకు గాలి తగిలి వేగం తగ్గుతోందని పైన బట్ట కప్పారనీ, బాంబరుగా మార్చేటప్పుడు నున్నటి రేకే వేశారనీ, ఇంత చేసినా అది ఎద్దుబండిలా నడిచేసరికి యుద్ధానికి పోకుండానే మూలన పెట్టేశారనీ, సొంత తమ్ముడి కష్టాలు చెప్పినట్టు చెప్పేవాడు. డక్టు రేకు ఊగకుండా మేమూ మడతలు కొడతాం కాబట్టి ఆ ఇంజనీర్ల బాధ మాకు బాగానే అర్థమయ్యేది.

శుక్రవారాల్లో కూర్చుని, మిగిలిన రేకు ముక్కలతో బావ ఆ విమానం చేశాడు. తలుపంత రెక్కలు, తోక మీద ఎర్ర నక్షత్రం. అక్కడితో ఆగుంటే బాగుండేది. “బాంబులు ల్యాకపోతే దాన్ని బాంబరని ఎవురంటార్రా?” అని, పాత ఏసీల్లోంచి తీసిన డ్రయర్లను రెక్కల కింద వరసగా వేలాడదీశాడు. గ్యాసులో తేమ పీల్చే రాగి గొట్టాలవి, నడుము లావు, కొసలు సన్నం. ఏసీ పనివాళ్లకు తప్ప ఎవరికైనా అవి అచ్చం బాంబులే.

తనిఖీకొచ్చిన సెక్యూరిటీ వాళ్లూ అలాగే అనుకుని, విమానంతో పాటు బావనూ ఆఫీసుకు పట్టుకుపోయారు. సరిగ్గా ఆ వారమే బావ మొదటి సెలవు మీద ఊరెళ్లి, పుట్టాక ఇంకా కళ్లారా చూడని కూతుర్ని ఎత్తుకోవాలి. అప్పట్లో పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరే ఉండేవి, దేశం దాటనిచ్చే ఎగ్జిట్ ఇప్పించాల్సింది మా యజమాని కఫీలే. సెలవు మాట దేవుడెరుగు, బావ జైలుకే పోతాడేమోనని నేనూ ఆ ఆఫీసు దాకా పరుగెత్తాను.

కఫీల్ వచ్చాడు. ఏసీల వ్యాపారంలో గడ్డం నెరిసిన మనిషి, ఒక డ్రయర్ ఊడదీసి తిప్పి చూసి పగలబడి నవ్వాడు. “యే బాంబ్ నహీ, మేరే ఏసీ కా డ్రయర్ హై! ఖలాస్, ఛోడో ఇస్కో” అని సెక్యూరిటీ వాళ్లతో బావను వదిలేయించి, అప్పటికప్పుడు ఎగ్జిట్ పడిన పాస్‌పోర్టు తెప్పించి బావ చేతిలో పెట్టాడు. విమానం మాత్రం తన గదిలో అలంకారానికి ఉంచేసుకున్నాడు. పోతే పోయింది, హమ్మయ్య, మనిషి దక్కాడని నేను గోడకు ఆనుకుని ఏడ్చేశాను.

ఇప్పుడు ఎగ్జిట్ ఫోన్లోకే వచ్చేస్తోంది. మొన్న మా అల్లుడికి వస్తే, ఒకసారి చూసి జేబులో పెట్టుకుని భోజనం కానిచ్చాడు. ఆ భయాలు పోయినందుకు నాకు సంతోషమే. కానీ ఆ రోజు గేటు దగ్గర బావ పాస్‌పోర్టు పైకెత్తి చూపించగానే, మాకు పేరైనా సరిగా తెలియని పాకిస్తానీ డ్రైవరు పరుగెత్తుకొచ్చి అతణ్ని అమాంతం ఎత్తుకున్నాడు. ఇప్పుడు ఎవరైనా ఊరెళుతున్నా పక్క గదివాడికి తెలియదు.