అక్కకు ముందుగా తీర్చిన అప్పు

2022 వేసవి. చిత్తూరు కోర్టు ఎదురు వీధిలో, మెట్ల కింద గది మా ఆఫీసు. మామిడి కాపు బాగున్న ఏడాది బంగారుపాళ్యం దారిలో టెంపోలకు ఊపిరాడదు. కాపు పోయిన ఏడాది ఆ టెంపోల వాళ్లు నా దగ్గరికి వస్తారు. నేను ఐ.పి.లు చూసే లాయరును. ఐ.పి. అంటే దివాలా పిటిషన్. ఉన్నదంతా కోర్టుకు అప్పగించి, ఇక తీర్చలేనని ఒప్పుకోవడం. బయట జనం మాత్రం "ఐ.పి. పెట్టేసినాడు" అంటే దొంగ అన్నట్టే మాట్లాడతారు. దొంగలెవరూ నా గడప తొక్కలేదని చెప్పను గానీ, ఎక్కువమంది నిద్ర లేక కళ్లు ఎర్రబడిన మామూలు మనుషులే.

మునిరత్నం అలాంటివాడే. రెండు టెంపోలతో పల్ప్ ఫ్యాక్టరీలకు కాయలు తోలేవాడు. ఒకదాన్ని ఫైనాన్స్ వాళ్లు పట్టుకుపోయారు. రెండోది గేరుబాక్సు పోయి షెడ్డులో పడి ఉంది. బ్యాంకు లోను, చేబదుళ్లు, వడ్డీ వ్యాపారి బాకీ అన్నీ ఒకేసారి మీద పడ్డాయి.

"పిల్లోళ్ల ముందర తిడతా ఉండారు మేడం. అదొగటి ఆగితే సాలు," అన్నాడు.

కొత్తగా వచ్చిన ఎవరికైనా చెప్పేవే అతనికీ చెప్పాను. ఈ రోజు నుంచి కొత్త అప్పు చేయొద్దు, క్రెడిట్ కార్డు గీకొద్దు. లోను ఉన్న బ్యాంకులోనే పొదుపు ఖాతా ఉంటే, అందులో పడ్డ డబ్బును బ్యాంకు బాకీ కింద పట్టుకోవచ్చు. దీన్ని సెట్-ఆఫ్ అంటారు. అందుకని ఫ్యాక్టరీ ఇవ్వాల్సిన బాడుగను వేరే బ్యాంకులో వేయించుకో, ఆ ఖాతా కూడా కోర్టుకు చూపిద్దాం అన్నాను. బియ్యం, మందులు, పిల్లల ఫీజు, వీటికి తప్ప దాన్ని ముట్టుకోవద్దన్నాను. అన్నిటికంటే ముఖ్యం, అప్పులవాళ్లలో ఏ ఒక్కరికీ ముందుగా తీర్చకూడదు. అలా తీరిస్తే ప్రిఫరెన్స్ అవుతుంది, అంటే అందరికీ పంచాల్సింది ఒకరికే పెట్టినట్టు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో అలా ఇచ్చినదాన్ని కోర్టు వెనక్కి లాగగలదు.

"ఎవురికీ ఇయ్యను మేడం. ఇచ్చేదానికి యాడుండాది?" అని తలూపాడు. తలూపడం మా క్లయింట్లకు బాగా వచ్చు.

పిటిషన్ వేసే రోజు బాడుగ సంగతి మళ్లీ అడిగాను. ఫ్యాక్టరీ వాళ్లు ఇంకా ఇవ్వలేదన్నాడు. ఆ ఫ్యాక్టరీల తీరు తెలిసినదాన్ని కాబట్టి నమ్మాను.

అతనికి పలమనేరు దగ్గర రాజమ్మ అని అక్క ఉంది. మొగుడు పోయాక పాలు పోసి బతుకుతోంది. తమ్ముడు మొదటి టెంపో కొన్నప్పుడు తాను కూడబెట్టిన పాల డబ్బంతా ఇచ్చింది. కాగితం లేదు, వడ్డీ లేదు. ఆమె పేరు మునిరత్నం నాకు చెప్పనేలేదు. మా వైపు ఐ.పి. పెట్టేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఊళ్లో పరువు పోయేలోగా అయినవాళ్ల డబ్బు సర్దేస్తారు. బయటివాళ్లు ఏమనుకున్నా తోడబుట్టినవాళ్లను ముంచలేదు అనిపించుకోవాలి. ఇంకా రాలేదని నాకు చెప్పిన బాడుగ అప్పటికే వచ్చింది, రాగానే అతనూ అదే చేశాడు, మొత్తం అక్క ఖాతాకు పంపేశాడు. ఆమె దాంతో రెండు సీమావులు, అంటే జెర్సీ ఆవులు, కొనుక్కుంది.

ఈ సంగతి బయటపెట్టింది రాజమ్మే. పాలకేంద్రం దగ్గర ఎవరో ఆమె తమ్ముణ్ణి దివాలాకోరు అన్నారట. ఆమెకు రోషం వచ్చింది. "నా తమ్ముడు అట్లాంటోడు కాదు. నా దుడ్డు పైసాతో సహా ఏసినాడు, ఈ ఆవులు యాడివి అనుకుంటా ఉండారు?" అని అందరి ముందూ చెప్పింది. ఆ మాట నడుచుకుంటూ వడ్డీ వ్యాపారి చెవికి చేరింది. అతని లాయరు కోర్టులో అప్లికేషన్ వేశాడు. దివాలాదారు ఆస్తిని స్వాధీనం చేసుకుని అప్పులవాళ్లకు పంచే అధికారిని అఫీషియల్ రిసీవర్ అంటారు. ఆయన విచారించి నిజమేనన్నాడు.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. "చిలక్కి చెప్పినట్టు చెప్పినా కదప్పా!" అని అరిచాను.

"చేతికిస్తే దొంగతనం మాదిరి ఉంటాదని బ్యాంకులోనే ఏసినా మేడం," అన్నాడు మునిరత్నం. "అక్కది అప్పని అనుకోలేదు. అది అక్క దుడ్డు, అంతే అనుకున్నా."

చట్టానికి ఆ తేడా తెలియదు. నేను వాదించాను, ఓడిపోయాను. ఆ డబ్బు రాజమ్మ తిరిగి కట్టాలని ఆర్డరు వచ్చింది. ఆ రోజు ఆమె కోర్టు వరండాలో నన్ను ఆపింది.

"లాయరమ్మా, నా తమ్ముడు నాది నాకిస్తే తప్పెట్లయితాది?"

"తప్పు నీది కాదమ్మా. నీ మాదిరే ఇచ్చినోళ్లు ఇంకా ఉన్నారు. టైర్ల అంగడాయన, మెకానిక్కు... వాళ్లకూ వాటా రావాల కదా."

"మరి నా ఆవులు?"

ఆమె రెండింటినీ సంతలో అమ్మేసింది. అందులో ఒకటి చూడిది. తొందరలో అమ్ముతోందని తెలిసి బేరగాళ్లు కొన్న ధర కూడా ఇవ్వలేదు. మిగతాది మెడలోది తాకట్టు పెట్టి కట్టింది. తర్వాత అందరితో పాటు ఆమెకూ వాటా వచ్చింది, దాంతో ఒక దూడ కూడా రాదు. మొదటి నుంచీ ఆమె పేరు అప్పుల జాబితాలో ఉండి ఉంటే ఆ వాటా ఎలాగూ వచ్చేది, మెడలోది మెడలోనే ఉండేది.

మునిరత్నం ఐ.పి. మంజూరైంది. ఇంటి ముందు తిట్లు ఆగిపోయాయి. చివరిసారి వచ్చినప్పుడు కుర్చీ అంచున కూర్చుని, "వడ్డీ ఆయన గూడా బస్టాండులో కనపడితే పలకరిస్తా ఉండాడు మేడం. అక్కే, నేను పోతే తలుపేసుకుంటాది," అన్నాడు.

ఈ కేసు తర్వాత నా పద్ధతి మారింది. ఖాతాలు, కార్డులు, లోన్ల గురించి అడిగే ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను. "ఎవరి డబ్బు తీర్చకపోతే నువ్వు తట్టుకోలేవు?" చాలామంది చప్పున చెప్పరు. అట్లాంటోళ్లు ఎవరూ లేరంటారు, నేల చూస్తారు. చెప్పేదాకా నేను కలం పట్టను. ఆ పేరు జాబితాలో మొదట రాస్తాను, ఆ మనిషిని కాపాడే దారి అదొక్కటే కాబట్టి. అంతవరకూ గట్టిగా కూర్చున్నవాళ్లు అక్కడ ఏడుస్తారు.