మావయ్య వేసిన కంపెనీ వేషం

మాది తెనాలిలో నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్టు. కిరీటాలు, భుజకీర్తులు, గడ్డాలు, గదలు, విల్లంబులు, ఒక సింహాసనం ఉంటాయి. మా నాన్న పెట్టిన కొట్టు, ఆయన పోయాక నేను నడుపుతున్నాను. ఆడమనిషి గదలు అద్దెకివ్వడమేంటని మొదట్లో కొందరు ముక్కున వేలేసుకున్నారు. గదలో ఉన్నది దూదేనండి, మీరైనా ఎత్తగలరు అని చెప్పేదాన్ని. నాకు నోరు కాస్త దురుసు. ఆ సంగతి మా వీధికంతా తెలుసు.

యుద్ధం ఉంటేనే మాకు బేరం. సంధితో ముగిసే నాటకమైతే నాలుగు కిరీటాలతో సరిపోతుంది. యుద్ధం దాకా పోతేనే గదలూ, విల్లంబులూ, అమ్ములపొదులూ కదులుతాయి. ఇటువైపు వాళ్ళకూ మేమే ఇస్తాం, అటువైపు వాళ్ళకూ మేమే ఇస్తాం. చిన్నప్పుడు నేను నాటకం చూస్తూ, సంధి మాటలు జరిగే చోట, ఈసారైనా ఒప్పుకుంటే బాగుండునని చేతులు పిసుక్కునేదాన్ని. మా నాన్న మాత్రం తెర పక్కన నిలబడి, ఒప్పుకోడులే అని నిబ్బరంగా కిళ్ళీ నమిలేవాడు.

అందుకే ఆ అమ్మాయి వచ్చి తన సినిమా కథ చెప్పినప్పుడు నాకు నవ్వాగలేదు. ఆ పిల్లది చీరాల వైపు నేతపని చేసుకునే ఇల్లు. వడ్లమూడిలో చదువుకుంటూ, తోటి పిల్లలతో కలిసి గంటసేపటి సినిమా తీస్తోంది. కథ ఇది. ఏటికి చెరో ఒడ్డునా ఉన్న రెండూళ్ళు ఏటి మధ్యనున్న ఒక లంక కోసం పోట్లాడుకుంటాయి. ఒక కంపెనీ వచ్చి ఒక ఊరికి వడిసెలలు అమ్ముతుంది, రెండో ఊరికి డాళ్ళు అమ్ముతుంది, మళ్ళీ మొదటి ఊరికి ఆ డాళ్ళు పగలగొట్టే గదలు అమ్ముతుంది. రెండూళ్ళూ అలిసిపోయి రాజీకి కూర్చుంటే షామియానా, మైకు, పూలదండలు కూడా ఆ కంపెనీవే. ఆ మైకులోంచే మళ్ళీ గొడవ పుట్టిస్తుంది. సినిమా అంతా కొట్లాటలే, కానీ అంతా నవ్వులే. కంపెనీ యజమాని మాత్రం కుర్చీలోంచి లేవడు.

"ఇందులో కొత్తేముందమ్మా, ఇది మా కొట్టు కథేగా" అన్నాను. ఆ పిల్ల ఆ మాట కూడా ఫోన్లో రాసుకుంది.

గదలు ఏరుకుంటూ, తనకొచ్చిన కష్టం చెప్పింది. కంపెనీ యజమాని వేషానికి ఒప్పుకున్న మాస్టారు ఎవరో ఆఖరి నిమిషంలో జారుకున్నాడట. అలా చెబుతూ చెబుతూ మూలకు చూసి ఆగిపోయింది. ఆ మూలన సింహాసనం మీద మా మావయ్య కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. మా అమ్మ తమ్ముడు. పేపరు పట్టుకుంటే పక్కన ఎవరేం మాట్లాడినా ఆయన చెవినెక్కదు. మోకాలు నొప్పి వల్ల మామూలు కుర్చీ ఆయనకు పల్లమవుతుంది. అందుకని రోజూ కొట్టుకొచ్చి సింహాసనం మీదే కూర్చుంటాడు. ఎవరైనా దాన్ని అద్దెకు తీసుకెళ్ళిన రోజు నామీద అలుగుతాడు.

మావయ్య నలభై ఏళ్ళు రాజు వేషాలు వేశాడు. పద్యం ఎత్తుకుంటే సంగం జాగర్లమూడిలో కాలవ అవతలి గట్టు మీద కూడా మనుషులు నిలబడేవారు. అంతటి మనిషికి నవ్వంటే భయం. ఆయనకు పేరు తెచ్చిన ఘట్టంలో రాజు ఒక మాయా సభలోకి వస్తాడు. నేలనుకుని నీళ్ళలో కాలేసి పడతాడు. అది చూసి ఒక రాణి నవ్వుతుంది. ఆ నవ్వే పెరిగి పెరిగి యుద్ధమవుతుంది. ఒకసారి రేపల్లెలో ఆ నాటకం వేస్తూ, పడాల్సిన చోటు ఇంకా రాకముందే మావయ్య నిజంగానే కాలుజారి పడ్డాడు. కిరీటం దొర్లుకుంటూ పోయి హార్మోనియం కింద ఆగింది. జనం పగలబడి నవ్వారు. తర్వాత పద్యం ఎత్తుకుంటే కూడా నవ్వారు. ఆ తర్వాత ఎవరు పిలిచినా మావయ్య రేపల్లెలో వేషం కట్టలేదు. ఆ ఊరి గాలి నా గొంతుకు పడదు అని చెప్పి తప్పించుకునేవాడు.

ఆ పిల్ల ఆయన దగ్గరకు వెళ్ళి, తాతగారూ, మా సినిమాలో వేస్తారా అని అడిగింది. మావయ్య పేపరు మడిచి, కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు.

"వేషం ఏంటమ్మాయ్?"

ఇక్కడే నేను తప్పు చేశాను. నవ్వులాట సినిమా అంటే ఆయన లేచి ఇంటికి పోతాడు. మోకాలు మూలాన స్టేజీ ఎక్కక అప్పటికి ఆరేళ్ళయింది. ఆ వేషం అన్నప్పుడు ఆయన మొహంలో వచ్చిన వెలుగు చూసి నాకు మనసొప్పలేదు. "చక్రవర్తి లాంటిదే మావయ్యా. రెండు రాజ్యాలు చేతిలో ఉంటాయి" అన్నాను. అబద్ధం కాదు. నవ్వు అన్న ఒక్క మాట మింగేశాను. ఆ పిల్ల నోరు తెరవబోతే కాలు తొక్కాను.

యజమాని సీన్లు బాపట్ల సముద్రపు ఒడ్డున తీశారు. సామానుతో పాటు నేనూ వెళ్ళాను. గదలు తడిస్తే దూది ముద్దకడుతుంది, అది ఆ పిల్లలకేం తెలుసు. ఇసుకలో గొడుగు వేసి, దాని కింద మా సింహాసనమే వేసి, మావయ్యకు నల్లకోటు తెచ్చారు. ఆయన ఆ కోటును రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టి తొడుక్కున్నాడు. వేషం ఏదైనా సరే అలా కళ్ళకద్దుకోనిదే మా నాటకాల వాళ్ళు తొడుక్కోరు. కెమెరా పిల్లాడు ఆన్ చేసే ఉంచాడని అప్పుడు ఎవరూ చూడలేదు.

టై కట్టించుకున్నాక మావయ్య కిరీటం అడిగాడు. కంపెనీ వాళ్ళకు కిరీటం ఉండదు తాతగారూ అంది ఆ పిల్ల.

"మరి వీడు రాజని జనానికి ఎట్టా తెలుస్తుంది?"

"తెలీకపోవడమే కథండి."

మావయ్య కోటు సర్దుకున్నాడు. వీడు మన రాజుకన్నా గట్టివాడే అని మెచ్చుకుని కూర్చున్నాడు.

ఆయన చెప్పాల్సినవి, రెండూళ్ళ వాళ్ళూ యుద్ధం మానేస్తామంటే యజమాని బతిమాలే మాటలు. యుద్ధం మానేస్తే మీ పిల్లలు ఏ పని చేసుకు బతుకుతారు, మీ కోసమే కదా ఈ కంపెనీ రెండు వైపులా ఇంత కష్టపడుతోంది అని. మావయ్య ఆ మాటలు ఎంత దీనంగా, ఎంత నిజంగా చెప్పాడంటే చేపలు పట్టుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా వల వదిలేసి తలలూపారు. ఆఖరి మాటకు రాగం తీశాడు. తీసి, కుడిచెయ్యి పైకెత్తి, తల కాస్త వంచి, అలాగే ఉండిపోయాడు.

మాటలు మర్చిపోయాడేమోనని ఆ పిల్లలు కంగారుపడ్డారు. ఒకడు కాగితం పట్టుకుని పరుగెత్తాడు. వాళ్ళకు తెలీదు. పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అని అరుస్తారు. అరిచేదాకా నటుడు ఆగాలి. అరిస్తే చచ్చిపడిన వేషం కూడా లేచి పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చస్తుంది. నలభై ఏళ్ళ అలవాటు, మావయ్య కెమెరా ముందు కూడా ఆగాడు. ఎదురుగా అరిచే జనం లేరు, సముద్రం ఉంది. నాకు ప్రాణం ఉసూరుమంది. గొడుగు వెనక నుంచి నేనే వన్స్ మోర్ అని గట్టిగా అరిచాను. మావయ్య తృప్తిగా తలూపి మొత్తం మళ్ళీ చెప్పాడు. కట్ అని ఆ పిల్ల అన్నప్పుడల్లా, పద్యం మధ్యలో అడ్డొచ్చే మనిషిని చూసినట్టు చూశాడు.

సినిమా పూర్తయింది. మొదటి ఆట రేపల్లెలో అన్నారు. ఊరివాళ్ళుగా వేసింది పెనుమూడి రైతులు, కొట్లాటలు తీసింది అక్కడి కృష్ణ ఒడ్డున, వాళ్ళందరికీ దగ్గర రేపల్లె. అక్కడి కల్యాణ మండపంలో ఆదివారం మధ్యాహ్నం ఆటట. ఊరి పేరు వినగానే మావయ్య పేపరు మడిచాడు. కాసేపటికి, తెర మీద మనిషి జారిపడడులే, వస్తాను అన్నాడు.

అప్పుడు మొదలైంది నా బాధ. ఆ ఊళ్ళోనే, అదే జనం మధ్య, ఆయన్ని చూసి మళ్ళీ నవ్వుతారు. ఈసారి అక్కడికి చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళేది నేను. తెనాలిలో రైలెక్కిన దగ్గర్నుంచి చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను. ఇస్త్రీ పంచె, కండువా వేసుకుని, ఆ మాటలు చెప్పేటప్పుడు తన కంటి చూపు ఎలా ఉందో పెద్ద తెర మీద చూడాలని ఆయన ముచ్చటపడుతుంటే మూడుసార్లూ మూసుకున్నాను. వీధంతా హడలిపోయే నా నోరు ఆ గంటా పనిచేయలేదు. కుడితిలో పడ్డ ఎలకలా ఉంది నా పని.

హాలు నిండిపోయింది. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. మావయ్య తెర మీదకు రావడమే కోటును కళ్ళకద్దుకుంటూ వచ్చాడు. ఆ పిల్ల అది కూడా సినిమాలో పెట్టింది. అంత కోటు, అంత దణ్ణం చూసి హాలంతా ఒక్కసారిగా నవ్వింది. నా చెయ్యి పట్టుకుని ఉన్న ఆయన చెయ్యి బిగుసుకుంది.

"ఎవర్ని చూసి నవ్వుతున్నారమ్మాయ్? నన్నా, వాణ్ణా?"

ఇంక దాచలేకపోయాను. "వాణ్ణే మావయ్యా. ఇది నవ్వించే సినిమా. నీతో నేనే చెప్పలా" అన్నాను. ఆయన చెయ్యి తీసేసుకుని కండువా సర్దుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. చీకట్లో ఉండటం మంచిదైంది.

జనం నవ్వుతూనే ఉన్నారు. గద పిగిలి దూది ఎగిరితే నవ్వారు, రెండూళ్ళ వాళ్ళూ ఒకే షామియానా కింద తన్నుకుంటే నవ్వారు. తర్వాత ఆ మాటలొచ్చాయి. మీ కోసమే కదా అని మావయ్య గొంతు వణికితే హాల్లో నవ్వు తగ్గింది. వాడి దొంగ దుఃఖం అంత నిజంగా ఉంది. రాగం తీశాడు. చెయ్యెత్తి ఆగాడు. ఆ ఆగడం కూడా ఆ పిల్ల కోసేయకుండా అలాగే ఉంచింది. తెర మీద మావయ్య ఎదురుచూస్తున్నాడు, తెర ముందు మావయ్య ఊపిరి బిగబట్టాడు.

వెనక నుంచి ఎవరో ముసలాయన వన్స్ మోర్ అన్నాడు. ఇంకొకరు అన్నారు. హాలంతా అంది. ఆ పిల్లకు ఏం చేయాలో తోచక నా వైపు చూసింది. వెనక్కి తిప్పమ్మా అన్నాను. సినిమా ఆపి, వెనక్కి తిప్పి, ఆ మాటలు మళ్ళీ వేశారు. ఈసారి మావయ్య పెదవులు కూడా కదిలాయి.

ఆట అయ్యాక ఆయన్ని స్టేజీ మీదకు పిలిచారు. నాలుగు మెట్లు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మూడెక్కాడు. నాలుగో మెట్టు దగ్గర మోకాలు సహకరించలేదు. తూలి, మైకు స్టాండు పట్టుకుని వేలాడాడు. కండువా కిందపడింది. నేను లేచి నిలబడ్డాను. ఎవరో ఒకరిద్దరు కిసుక్కుమని, వెంటనే నోరు మూసుకున్నారు. అదే ఊరు.

మావయ్య నిలదొక్కుకున్నాడు. అందరినీ ఒకసారి చూశాడు. కుడిచెయ్యి పైకెత్తి, తల కాస్త వంచి ఆగాడు. ఆగి, మైకులో అన్నాడు. "మొహమాటపడకండి, నవ్వండి. వన్స్ మోర్ మాత్రం అనకండి బాబూ, ఈ మోకాలు ఒప్పుకోదు."

ఆ నవ్వుకు మండపం రేకులు ఎగిరిపోయాయనుకున్నాను. వెనక ముసలాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నేను కూర్చుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వాను.

తిరుగు రైల్లో మావయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. ముందే చెప్పాల్సింది మావయ్యా, తప్పు నాదే అన్నాను. చెప్పుంటే వేసేవాణ్ణి కాదులే అన్నాడు. పొలాలు వెనక్కి పోతున్నాయి. మళ్ళీ ఆయనే అందుకున్నాడు.

"అమ్మాయ్, ఆ సభలో ఒక్క మనిషే నవ్వింది. అందుకే ఆ రాజుకు కడుపు మండింది. సభంతా నవ్వి, చెయ్యిచ్చి లేపుంటే వాడూ నవ్వేవాడేమో. యుద్ధమే ఉండేది కాదు."

"అప్పుడు మన కొట్టు కూడా ఉండేది కాదు మావయ్యా" అన్నాను.

మావయ్య నా మొహంలోకి చూశాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత బొజ్జ కదిలింది, తర్వాత పెట్టెలో వాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. నవ్వీ నవ్వీ కండువాతో కళ్ళు తుడుచుకుని, "పోతే పోయేదిలే" అన్నాడు.