మీటరత్తా, చప్పుడు చెయ్యని కారూ

మా అత్తని షెడ్డులో అందరూ మీటరు అంటారు. వోల్టులు చూసే చిన్న పసుప్పచ్చ మీటరు ఒకటి తాడు కట్టి ఎప్పుడూ మెళ్లో వేసుకుంటుంది. కళ్లజోడు మర్చిపోయి వచ్చిన రోజులున్నాయి గానీ మీటరు మర్చిపోయిన రోజు లేదు. నాన్నకి సొంత చెల్లెలు. నలభై ఆరేళ్లు. తాతయ్య పెట్టిన ఈ కార్ల రిపేరు షెడ్డులో ఆమెకి తెలియని బోల్టు లేదు. అయినా ముప్పై ఏళ్లుగా ఆమె వంతుకి వచ్చినవి హారన్లు, వైపర్లు, లైట్లు. ఇంజన్ మీద చెయ్యి వెయ్యనిచ్చిన వాళ్లు లేరు.

కారణం చెవులు. ఏడో ఏట జ్వరం వచ్చి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి ఏ మాటైనా దుప్పటి ముసుగేసుకుని విన్నట్టు అందుతుంది. మా షెడ్డులో మెకానిక్ అంటే చెవి. తాతయ్య పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి నొక్కి పెట్టుకుని, కళ్లు మూసుకుని రోగం చెప్పేవాడు. కొత్తవాళ్లకి ఒక పరీక్ష ఉండేది. ఇంజన్‌కుండే నాలుగు ప్లగ్గుల్లో ఒకదాని వైరు వదులు చేసి, ఇంజన్ ఆన్ చేసి, వదులైంది ఎన్నోదో చెప్పమనేవాడు. పదహారేళ్లప్పుడు అత్త కూడా ఆ పరీక్షకి నిలబడింది. అరచెయ్యి ఇంజన్ మీద ఆ చివర నుంచి ఈ చివరకి జరిపి, "మూడోది" అంది. కరెక్టే. తాతయ్య మాత్రం, "చేత్తో చూస్తే లెక్కలోకి రాదమ్మా" అన్నాడు. అదే పరీక్ష నాన్న రెండోసారికి గానీ గట్టెక్కలేదు. ఈ సంగతి ఇంటికి ఏ చుట్టం వచ్చినా, అడిగినా అడక్కపోయినా, అత్త చెప్పి పంపిస్తుంది.

పెట్రోలుతోనూ, ఇంట్లో ప్లగ్గు పెట్టి ఛార్జింగ్ చేసుకునే కరెంటుతోనూ నడిచే కార్లు మా వీధిలోకి కూడా వచ్చాక, ఆమె ఆర్నెల్లు సాయంత్రం క్లాసులకి వెళ్లింది. పెదాలు చూసి మాట పట్టుకోవాలి కాబట్టి మొదటి బెంచీ ఎవరికీ వదిలేది కాదు. సర్టిఫికెట్ తెచ్చి నాన్న ముందు పెట్టి, రెండో ర్యాంపు అడిగింది. షెడ్డులో కారు ఎక్కించి పని చేసేందుకు ఉన్నవే రెండు ర్యాంపులు. ఒకటి నాన్నది. రెండోదాని మీద పాత టైర్లు గుట్టగా పడి ఉన్నాయి. "చూద్దాంలే" అన్నాడు నాన్న. రెండేళ్లు చూశాడు.

ఆ మంగళవారం ఎదురింటి లెక్కల మాస్టారు పరుగులాంటి నడకతో షెడ్డుకొచ్చారు. ఆయనది అలాంటి కారే. మూడు వారాలు ఊళ్లో లేరు, వచ్చి చూస్తే స్టార్ట్ కావడం లేదు.

"ఊరెళ్లేముందు ఛార్జింగ్ కేబుల్ పెట్టే వెళ్లాను మేస్త్రీ. పొద్దున పీకాను. మూడు వారాలు కరెంటు తాగింది, ఇంక దానికేం రోగం?"

కంపెనీ వర్క్‌షాపుకి ఫోన్ చేస్తే, పెద్ద బ్యాటరీ పోయుంటుందనీ, నాలుగింటికి లారీ పంపిస్తామనీ చెప్పారట. నాన్న స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్లాడు. బానెట్ ఎత్తాడు. లోపల నారింజ రంగు లావుపాటి వైర్లు చూసి ఒక అడుగు వెనక్కేశాడు. మాస్టారు బటన్ నొక్కారు. డాష్‌బోర్డు మీద లైట్లన్నీ ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయాయి. లోపలెక్కడో కటకటమంది.

"పోయింది" అన్నాడు నాన్న. "లారీ ఎక్కించెయ్యండి మాస్టారూ. ఇది మన చేతిలో పని కాదు."

"మన అంటే ఎవరన్నయ్యా?" అంది అత్త వెనక నుంచి.

నాన్న మొహం తిప్పుకున్నాడు. వాదనలో ఓడిపోతాడనిపించినప్పుడల్లా ఆయన చేసే పని అది. పెదాలు కనబడకపోతే ఆమె జవాబివ్వలేదు కదా! అత్త మాత్రం ఎప్పట్లాగే చుట్టూ తిరిగి ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పేది? ఆ వైర్లు ముట్టుకుంటే మాడి మసైపోతావే!"

"వాటి జోలికి ఎవరు పోతానన్నారు? రోగం అక్కడ లేదు. ఉంటే లైట్లన్నా సరిగ్గా వెలిగేవి."

మాస్టారు ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నారు. నాన్నకి రోషం వచ్చింది.

"సరే. నాలుగింటికి లారీ వస్తుంది. ఆలోపు నువ్వీ బండి కదిపితే రెండో ర్యాంపు నీది. కదపలేకపోతే ఇక జన్మలో ఆ మాట ఎత్తకు."

"మాస్టారూ, మీరు సాక్షి" అంది అత్త.

టైము మూడున్నర. డిక్కీ తెరుచుకోలేదు, దానికీ కరెంటే కావాలి. అత్త వెనక సీటు మడిచి, బోర్లా పాకి, డిక్కీ అడుగున అట్ట మూత ఎత్తింది. అక్కడ మామూలు కార్లలో ఉండేలాంటి చిన్న బ్యాటరీ ఉంది. మీటరు పెట్టింది. పన్నెండు దాటి ఉండాల్సిన చోట తొమ్మిదిన్నర కూడా లేదు.

"మాస్టారూ, మీ పెద్ద బ్యాటరీ నిండు కుండలా ఉండుంటుంది" అని లోపల్నుంచే అరిచింది. "దాని తలుపు తీసేది ఈ చిన్నది. పెద్దది నిండగానే ఛార్జింగ్ ఆగిపోయింది. అక్కణ్నుంచి దీని మొహం చూసిన వాళ్లు లేరు. మూడు వారాల్లో సొమ్మసిల్లింది."

షెడ్డు నుంచి మంచి బ్యాటరీ ఒకటి తెప్పించి, కేబుళ్లతో దానికి కలిపింది. మీటరు పన్నెండు పాయింట్ మూడు చూపించింది. "నొక్కండి" అంది.

"నేను నొక్కుతా, లేవండి మాస్టారూ" అని నాన్న డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. బ్రేకు తొక్కాడు, బటన్ నొక్కాడు, చెవులు రిక్కించాడు. ఏ చప్పుడూ లేదు. మళ్లీ నొక్కాడు. లేదు. ఇంకోసారి, ఆపైన ఇంకోసారి.

"చచ్చింది. ముక్కడం కూడా లేదు" అన్నాడు.

వెనక అత్త తల డిక్కీలో ఉంది. కళ్లు మీటరు మీద. అంకె పద్నాలుగు పాయింట్ రెండుకి ఎగిరింది, అంటే బండి లేచినట్టే. మళ్లీ పన్నెండుకి పడింది. మళ్లీ ఎగిరింది, మళ్లీ పడింది.

"ఎవరు ఆపుతున్నారు?" అని కేకేసింది.

"ఆపడమేంటి, మొదలైతే కదా ఆపడానికి!"

ఆ మాట ఆమెకి అందలేదు. పాక్కుంటూ సీట్ల మధ్యలోకి వచ్చి, లోపలి అద్దాన్ని నాన్న నోటికి సరిగ్గా తిప్పింది.

"అద్దంలోకి చూస్తూ మాట్లాడు. ఎన్నిసార్లు నొక్కావు?"

"నాలుగు."

"ఒకసారి నొక్కితే ఆన్, ఇంకోసారి నొక్కితే ఆఫ్. రెండుసార్లు స్టార్ట్ చేసి రెండుసార్లు నువ్వే పీక నొక్కావు. ఇప్పుడు బ్రేకు తొక్కి ఒక్కసారి నొక్కి, ఆ చేతులు నెత్తిన పెట్టుకో."

నాన్న నొక్కాడు. నిజంగానే చేతులు నెత్తిన పెట్టుకున్నాడు.

"ఎదురుగా ఆకుపచ్చ అక్షరాలున్నాయి. చదువు."

"రెడీ అనుంది."

"మరి?"

"చప్పుడేదే?"

"ఇది కరెంటు మీద లేస్తుందన్నయ్యా, చప్పుడుండదు! చెవులున్న మెకానిక్కులు, చెవులున్న మాస్టారు, ఒక్కరికీ కళ్లు పని చెయ్యలేదు. దిగు."

కేబుళ్లు తీసేసి డ్రైవర్ సీట్లో కూర్చుంది. పక్క సీట్లో మాస్టారు, సీటుబెల్టు రెండు చేతులతో పట్టుకుని. అప్పుడే లారీ వచ్చి మాస్టారింటి గేటుకి ఇవతల ఆగింది. డ్రైవరు దిగి చేతిలో కాగితం చూసుకుంటూ నాన్నని అడిగాడు.

"స్టార్ట్ కాని బండి ఎక్కడుందన్నా?"

"నీ వెనక నుంచి పోయింది" అన్నాడు నాన్న, వేరే దిక్కు చూస్తూ.

అత్త వీధిని మూడుసార్లు చుట్టింది. ఆ కాసేపట్లో నాన్నకి ధైర్యం తిరిగొచ్చింది. షెడ్డు ముందు కారు నెమ్మదించగానే కిటికీ దగ్గరికెళ్లి, "ఏదో చిన్న బ్యాటరీ, ఎవరికైనా తట్టేదే. రేపు తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నాడు.

"మాట్లాడుకునేదేం లేదు. టైర్లు తియ్యి."

"రేపు..."

అత్త అద్దం ఎక్కించేసింది. కారుని రెండో ర్యాంపుకి ఎదురుగా తిప్పి నిలబెట్టి, హారన్ మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచేసింది. ఆమెకి అది అరచేతి కింద సన్నటి గిలిగింత. మిగతా వీధంతా చెవులు మూసుకుంది. పక్క కొట్టువాడు బయటికొచ్చి తిట్టాడు. మేడ మీదావిడ కిటికీలు వేసేసుకుంది. మాస్టారు సీట్లోనే రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకున్నారు. నాన్న ఏదో అరుస్తున్నాడు, అది ఎవరికీ వినబడలేదు.

అరిచి అరిచి ఆయన మొదటి టైరు దొర్లించాడు. లారీ డ్రైవరు రెండోది పట్టాడు, "ముందు ఆమెతో ఆ చెయ్యి తీయించండి బాబోయ్" అంటూ. గుట్టలో ముప్పై ఎనిమిది టైర్లున్నాయి.

ముప్పై ఎనిమిదోది కిందికి దొర్లాకే అత్త చెయ్యి తీసింది.