గానుగ దగ్గర పంచిన కంటి చుక్కలు

ఒకరోజు పొద్దున అద్దంలో చూసుకుంటే కుడికన్ను ఎర్రగా ఉంది. అనుమానమే రాలేదు. ఐరాల దగ్గర బెల్లం గానుగలో నా పని. చెరకు పిప్పి మండించి పెద్ద పెనంలో రసం కాచే చోట ఎవడి కన్నయినా తెల్లగా ఉంటే, వాడు పని ఎగ్గొడుతున్నట్టు లెక్క. పాకం ఎప్పుడు దించాలో చెప్పేది నేనే. ముందు దించితే బెల్లం గట్టిపడదు, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడుతుంది. ఆరో తరగతిలో బడికి పెట్టిన సెలవు ఇంకా పూర్తి కాలేదు గానీ, పాకం రంగు చదవడంలో మాత్రం మా చుట్టుపక్కల నాదే మొదటి ర్యాంకు.

మూడో రోజుకి కంటి లోపల పోటు. ఎండలోకి వస్తే నీళ్లు. పాకం మీద మంచు పట్టినట్టు కనిపించింది.

"పొగలేన్నా, నీళ్లతో కడుక్కో" అన్నాడు నాతోపాటు పొయ్యి ఎగదోసే మునిరత్నం.

మా ఆవిడ రేవతి ఒప్పుకోలేదు. "పొగయితే రెండు కండ్లకీ తగలాల గదయ్యా? నీ ఎడమకన్నంటే పొగకి భయమా ఏంది?"

ఆ మాటకే తిరుపతి బస్సెక్కాను.

ఆసుపత్రిలో ఇంగ్లీషు అక్షరాల బోర్డు చూపించారు. "కనపడకపోతే అది కంటి తప్పో బడి తప్పో మీరే తేల్చల్ల మేడం" అన్నాను. డాక్టరమ్మ నవ్వలేదు, అంకెల బోర్డు పెట్టించింది. కంటి లోపలికి చూసే స్లిట్ ల్యాంప్ మిషన్ మీద నా గడ్డం ఆనించి చూసి, "ఇది పొగ కాదు, యువైటిస్. కంటి లోపల వాపు" అంది. స్టెరాయిడ్ డ్రాప్స్ మొదట గంటకోసారి, తర్వాత మెల్లగా తగ్గించుకుంటూ ఆరు వారాలు. "ఎరుపు పోయిందని ఆపొద్దు. లోపలి వాపు అద్దంలో కనపడదు" అని రెండుసార్లు చెప్పింది.

పది రోజుల్లో కన్ను తెల్లబడింది. గానుగలో నా సీసాకి పేరొచ్చింది. "నాకూ ఒక చుక్క ఎయ్యన్నా" అని మొదట మునిరత్నం, వెనకే మిగతావాళ్లు. వరసగా కూర్చోబెట్టి, తలలు వెనక్కి వంచమని, తీర్థం పోసినట్టు పోశాను. రెండు రోజుల్లో సీసా ఖాళీ. నాకు తగ్గింది గదా అనుకున్నాను. చెకప్‌కి కూడా పోలేదు.

మూడు వారాలకే మళ్లీ వచ్చింది. ఈసారి ఐదు రోజులు ఓర్చుకున్నాను. కుడికన్ను తెరవలేను, ఎడమది దానికి తోడుగా నీళ్లు కారుస్తోంది. ఆ మధ్యాహ్నం పాకం ఇంకా లేతగా ఉందనుకుని ఆలస్యంగా దించాను. యజమాని ముక్క విరిచి నోట్లో వేసుకుని, "ఏమబ్బా, బెల్లమా, రోడ్డుకేసే తారా ఇది?" అన్నాడు. అందరూ నవ్వారు. ఎప్పుడూ ముందు నవ్వేవాడిని, ఆ రోజు నాకు నవ్వు రాలేదు. కన్ను పోతే నాకు వేరే పని ఏం వచ్చు?

డాక్టరమ్మ ఈసారి చాలాసేపు చూసింది. "కంటిపాప అంచు లోపలి లెన్స్‌కి అతుక్కుంది. ఇంకా ఆలస్యం చేస్తే చూపుకే ప్రమాదం. డ్రాప్స్ పూర్తిగా వాడారా?"

"పూర్తిగానే అయిపోయినాయి మేడం." ఎలా అయిపోయాయో కూడా చెప్పాను.

"ఎవరి కంట్లోనైనా ఇన్‌ఫెక్షన్ ఉంటే స్టెరాయిడ్‌తో ముదురుతుంది, తెలుసా?" అంది. నా కన్ను మర్చిపోయి మునిరత్నం కన్ను గుర్తొచ్చింది. మరుసటి రోజే అందరినీ ఆసుపత్రిలో చూపించాను. ఎవరికీ ఏమీ కాలేదు, నా అదృష్టం.

నన్ను చూసిన ఆ రోజే ఆమె ఇంకొకటి అడిగింది: "పొద్దున లేవగానే నడుం పట్టేస్తుందా?"

"బరువులు మోసేవాణ్ణి, పట్టకుండా ఉంటాదా మేడం?"

"కదిలితే తగ్గుతుందా?"

తగ్గుతుందన్నాను. రక్తపరీక్ష రాసింది. HLA-B27 అనే జన్యువు పాజిటివ్. నడుముకి ఎక్స్‌రే, కీళ్ల డాక్టరు. నడుం నొప్పీ కంటి వాపూ ఒకే జబ్బు నుంచి వస్తున్నాయట, మళ్లీ మళ్లీ రావచ్చట. డాక్టరమ్మ నా జేబులో బీడీ కట్ట చూసింది. "బీడీ మానండి. పొగతాగేవాళ్లకి తిరగబెట్టే అవకాశం ఎక్కువ" అంది.

"మొత్తానికి పొగే గదా మేడం? మునిరత్నం మొదుట్నే చెప్పినాడు."

అప్పుడు నవ్వింది.

నయం కావడం తేలిక కాలేదు. డ్రాప్స్ వల్ల కంటి ప్రెషర్ పెరిగింది, మందు మార్చారు. కంటిపాపని పెద్దది చేసే చుక్కలతో అతుకు చాలావరకు విడింది, ఒకచోట మిగిలింది. ఆ రెండు నెలలూ పాకం చూసే పని మునిరత్నానిది. నేను పక్కన నల్లద్దాలతో కూర్చుని వాణ్ణి ఆటపట్టించడం తప్ప ఏమీ చేయలేదు. ఏడాది తర్వాత మూడోసారి వచ్చింది. అదే రోజు ఆసుపత్రికి పోయాను, తొందరగా లొంగింది.

ఇప్పుడు బీడీ లేదు. కీళ్ల డాక్టరిచ్చిన మాత్రలు, పొద్దున నడుముకి వ్యాయామం. లేవగానే ఒక్కో కన్నూ మూసి గోడమీది క్యాలెండర్ చూస్తాను. కన్ను ఎర్రబడి, వెలుగు చూస్తే నొప్పి పుట్టినా, మసకేసినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పోండి. మీ సీసా మీకే, చెప్పినన్నాళ్లూ వాడండి. నేను చెప్పేది ఇంతే.

పోయిన వారం, పాకం దించే వంతు తనదైన రోజు, మునిరత్నం కన్ను నలుపుకుంటూ వచ్చాడు. "అన్నా, ఒక చుక్క..."

"చుక్కా లేదు, గిక్కా లేదు. నలుపుకునే కన్ను మూసి పాకం సూడు. ఏం రంగు?"

చెప్పాడు.

"ఇప్పుడు బాగున్న కన్ను మూసి, ఇంకో కంటితో సూడు."

చూశాడు. "మసగ్గా ఉందన్నా" అన్నాడు.

"పాకం నేను దించుతాలే" అన్నాను. "నువ్వు తిరుపతి బస్సెక్కు."