మా తాత చెయ్యి తప్పలేదు

మా చిన్నతనంలో ఊళ్ళో ఎవరైనా వేటకుక్కను పెంచుకోవాలంటే, ముందు ఆ పిల్లను తెచ్చి మా తాత చేతిలో పెట్టేవాళ్ళు...

తాత దాన్ని మెడ వెనక తోలు పట్టుకుని పైకెత్తేవాడు. కుయ్యోమని అరిచిందా, "పిరికిదిరా, వద్దు" అనేవాడు. నోరు మెదపకుండా వేలాడిందా, "పెంచుకో" అనేవాడు. అంతే... ఆ మాటకు తిరుగులేదు. కారంపూడి చుట్టుపక్కల నాలుగూళ్ళ కుక్కలు ఆ చేతి మీదుగా వెళ్ళినవే.

అలాంటి మా ఇంటికే ఒకసారి రెండు పిల్లలు వచ్చిపడ్డాయి.

యుద్ధం రోజులు... మనుషులకే నాయనమ్మ జొన్న సంకటి ముద్దలు లెక్కపెట్టి వడ్డించేది. మా చేను అడవి అంచున ఉండేది. కంకి పాలు పోసుకునే వేళకు అడవిపందులు పడి తొక్కేసేవి. కుక్క లేకపోతే పంట దక్కదు. రెండు కుక్కలకు తిండి పెట్టే స్తోమత లేదు. ఒకటే ఉండాలి.

ఒకటి తండా నుంచి రూప్లా తెచ్చిన లంబాడీ కుక్కపిల్ల. పొడుగు కాళ్ళు, ఒళ్ళంతా బొచ్చు... పెద్దయ్యాక గొంతు విప్పితే గుట్ట అవతలికి వినబడే జాతి. రెండోది మా మేనమామ కొల్లేరు పక్క నుంచి గంపలో పెట్టుకొచ్చిన జోనంగి జాతి పిల్ల. నున్నటి ఒళ్ళు, పుట్టుకతోనే నుదుట ముడతలు. అచ్చం మా నాయనమ్మకు కోపం వచ్చినట్టుండేది దాని మొహం.

"మొరుగుద్దంటయ్యా ఇది?" అని తాత అడిగితే మామయ్య నసిగాడు.

"పెద్దగా మొరగదు మావా... పట్టిందంటే మాత్రం వదలదు."

"మొరగని కుక్క చేనుకెందుకు? పందొస్తే నీకెట్ట తెలుస్తది పెద్దయ్యా?" అన్నాడు రూప్లా నవ్వుతూ.

తాత మనసు లంబాడీ పిల్ల మీదే ఉంది. నాకేమో ఆ ముడతల మొహమే కావాలి. వచ్చిన గంటలోనే వాకిట్లో గుంట తవ్వుకుని, అందులో జమీందారులా కూర్చుందది. దాన్ని వదులుకోవడమా!

నేనప్పటికే ఊళ్ళో పేరు మోసిన దాన్ని. మేష్టారి కుర్చీకి జీడిరసం పూసి, మూడో తరగతితోనే చదువు ముగించిన ఘనురాలిని. నాకిదొక లెక్కా? చింతచెట్టు మొదట్లో రెండు గండుచీమల్ని ఆకులో పొట్లం కట్టాను. "నేను తెస్తా తాతా" అంటూ లంబాడీ పిల్లను ఎత్తుకొచ్చి, దారిలోనే మెడ మీది బొచ్చులోకి వదిలాను. జోనంగికైతే ఆ పని కుదిరేది కాదు. దానికి దాచడానికి బొచ్చే లేదుగా...

తాత మెడ పట్టి ఎత్తాడో లేదో, పాపం అది వాకిలి అదిరేలా అరిచింది. తర్వాత ఎత్తిన జోనంగి కిక్కురుమనలేదు.

"ఇది భయపడి అరిచే రకం కాదు పెద్దయ్యా... దీనికేందో అయింది" అన్నాడు రూప్లా.

"నా చెయ్యి చెప్పింది గదరా."

రూప్లా, నాయనమ్మ ఇచ్చిన మజ్జిగ కూడా తాగకుండా పిల్లను కండువాలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. నేను గాదె వెనక పరికిణీ నోట్లో కుక్కుకుని నవ్వుకున్నాను.

ముడతల వల్ల దానికి 'ముసలోడు' అని పేరు పెట్టాను. "ఏడే ముసలోడు? సంకటి చల్లారిపోతంది!" అని నాయనమ్మ కేకేస్తే, తాతా కుక్కా ఇద్దరూ వచ్చేవాళ్ళు. "నిన్ను గాదయ్యా" అనేది ఆవిడ, ఓసారి తాతతో, ఓసారి కుక్కతో.

రెండో ఏడు కంకులు పాలు పోసుకుంటున్నాయి... మిట్టమధ్యాహ్నం నేను చేనికి సంకటి తీసుకెళ్ళాను. తాత మంచె మీద కూర్చుని తింటున్నాడు. నేను ఊరి కబుర్లు చెబుతున్నాను. ముసలోడు ఎప్పుడు లేచి జొన్నలోకి వెళ్ళాడో మాకు తెలియదు. తిన్నాక మిగిలిన ముద్ద వేద్దామని పిలిస్తే రాలేదు.

మంచెకు నూరడుగులైనా లేదు ఆ చోటు. జొన్న నలిగిపోయి ఉంది. ముసలోడు పొట్ట చీలి పడి ఉన్నాడు... నోట్లో ఇంకా పంది వెంట్రుకలు. మామయ్య చెప్పినట్టే వదల్లేదు. రూప్లా చెప్పినట్టే మొరగలేదు. ఒక్క అరుపు వినబడితే చాలు, తాత బరిసె తీసుకుని దూకేవాడు.

తాత దాన్ని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి, అది వాకిట్లో తవ్వుకున్న గుంటలోనే పూడ్చాడు.

"దాని తప్పేం లేదే... దాని గొంతే అంత. నా చెయ్యే తప్పింది" అన్నాడు నాతో.

ఎంతటివాళ్ళకైనా మాటకు మాట అప్పజెప్పే నేను, ఆ గుంట మీది మట్టిని అరచేత్తో చదును చేస్తూ కూర్చున్నాను...

ఆ తర్వాత ఎవరు పిల్లను తెచ్చినా తాత ముట్టుకోలేదు. కొన్నాళ్ళకు రూప్లా, పాత కోపం మరిచిపోయి, ఇంకో పిల్లను తెచ్చాడు. "నువ్వు ఎత్తి చూడు పెద్దయ్యా. నువ్వు చెప్తేనే నాకు నమ్మకం" అన్నాడు. తాత రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకు చేతకాదురా ఇప్పుడు."

నేను పక్కనే ఉన్నాను. "తాతా, చీమల్ని వదిలింది నేనే" అంటే సరిపోయేది. దెబ్బలు పడతాయన్న భయం కూడా కాదు... ఎందుకో అనలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే తాత పోయాడు, తన చెయ్యి తప్పిందనే అనుకుంటూ...

ఇప్పుడు కుక్కను బొమ్మలో చూసి, రంగు నచ్చితే తెచ్చుకుంటున్నారు. మెడ పట్టి ఎత్తి చూసేవాళ్ళూ లేరు, ఆ మాట నమ్మేవాళ్ళూ లేరు.

మీ ఇళ్ళల్లో పెరిగిన కుక్కల సంగతులు రాయండి, చదువుతాను. కానీ ఎవరికైనా చెప్పకుండా మింగిన మాట ఉంటే మాత్రం నాకు రాయొద్దు... ఆ మనిషి ఇంకా ఉంటే, లేచి వెళ్ళి వాళ్ళకే చెప్పండి.