డొంకూరు నీళ్ల రంగు

సముద్రం ఒడ్డున డొంకూరులో ఉండే బంగారయ్యకు అరవై ఎనిమిదేళ్లు. వేటకు వెళ్లడం మానేసి ఆరేళ్లయినా, సముద్రం సంగతి ఆయన్ని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. మోహనకృష్ణ వాళ్లలో ఒకడు. పలాసలో బ్యాంకు ఉద్యోగం. వేసవిలో మరబోట్లకు వేట నిషేధం పడి ఒడ్డు సందడి తగ్గాక, ఆదివారాలు గేలపు కర్ర పట్టుకుని సరదాగా పండుగప్ప చేపల కోసం వస్తాడు. గేలానికి అతను కట్టేది ప్లాస్టిక్ చేప. నీళ్లు తేటగా ఉంటేనే అసలు చేపకు అది కనబడుతుంది. బురదైతే రోజంతా విసిరినా చెయ్యి నొప్పే మిగులుతుంది. అందుకే శనివారం సాయంత్రం ఫోన్ చేసి, “నీళ్లెలగున్నాయి మావా?” అంటాడు. బంగారయ్య ఒడ్డుకెళ్లి చూసొచ్చి, రమ్మనో వద్దనో చెబుతాడు. ఆ మాట ఎన్నడూ తప్పలేదు.

రెండేళ్లుగా చూస్తున్నది మాత్రం ఆయన భార్య దాలమ్మ. ఆయన కళ్లకు సముద్రం, ఆకాశం ఒకే బూడిద రంగు. ఆపరేషన్ చేసినా లాభం లేదని డాక్టరు చెప్పేశాడు. ఆమె పక్కన నిలబడి రంగు చెబితే, దానికి గాలినీ కెరటాన్నీ కలిపి ఆయన తేల్చేవాడు. ఈ సంగతి మోహనకృష్ణకు చెప్పొద్దని ఆమె దగ్గర మాట తీసుకున్నాడు. చూపు లేనివాణ్ని ఇక సముద్రం గురించి ఎవరడుగుతారని ఆయన భయం.

మే నెలలో ఒక శనివారం దాలమ్మ సంతబొమ్మాళిలో పెళ్లికి వెళ్లింది. ఫోను మోగితే బంగారయ్య ఒక్కడే ఒడ్డుకెళ్లాడు. దక్షిణపు గాలి నెమ్మదిగా ఉంది. కెరటం మెత్తగా విరుగుతోంది. కాలికింద ఇసుక గట్టిగా తగిలింది. రమ్మన్నాడు.

ఎగువన ఒడిశాలో కురిసిన వాన బాహుదా ఏటి వెంట దిగి, మొగ దగ్గర సముద్రంలో కలిసి, ఒడ్డు వెంట నీళ్లను అప్పటికే ఎర్రబరిచింది; అది ఆయనకు కనబడలేదు. నీళ్లు నోట్లో పోసుకున్నా ఉప్పు తగ్గిందని తెలిసేదే. తొందరలో ఆ పని మరిచాడు.

మర్నాడు పొద్దున్నే మోహనకృష్ణ వచ్చాడు. బంగారయ్య అలవాటుగా చెయ్యి చాపి, “అదిగో, ఆ పచ్చనీటి అంచున ఇసురు,” అన్నాడు.

ఎదురుగా మట్టినీళ్లు. మోహనకృష్ణ ఆ నీళ్లకేసి, తర్వాత ఆయన కళ్లకేసి చూశాడు. అలాగే మావా అని విసిరాడు. ఎండ ముదిరేదాకా అక్కడే విసిరి, ఇవాళ చేపలకు ఆకలి లేనట్టుందని చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చిన దాలమ్మ ఒడ్డున ఎర్రనీళ్లు చూసి, “పెళ్లి భోజనానికి నేను ఒక్క పూట ఎల్తే, సముద్రం రంగే మార్సీసినావా?” అంది. బంగారయ్య నవ్వలేదు. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు.

తర్వాతి శనివారం ఫోను మోగింది. ఆయన కదల్లేదు. దాలమ్మే ఎత్తింది.

“అత్తా, రంగు నువ్వు సూసి సెప్పు. రావాలో వొద్దో మావని సెప్పమను,” అన్నాడు మోహనకృష్ణ.

ఆమె ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. బంగారయ్య కండువా వెతుక్కున్నాడు. ఒడ్డున దాలమ్మ భుజం పట్టుకుని నిలబడ్డాడు. మొగ వైపు ఎరుపు తగ్గింది, ఇటు పచ్చగుంది అందామె. ఆయన వంగి దోసెడు నీళ్లు తీసుకుని, పుక్కిలించి ఉమ్మాడు.

“ఉప్పుగానే ఉంది. పొద్దు పొడవకముందే రమ్మను.”